అవ్వ హోటల్లో మొదటి ఆకు

పుంగనూరులో నేను పదైదేండ్లకు పైగా మధ్యాన్నం భోంచేసిన హోటలుకు బోర్డు లేదు. "బోర్డు ఏంటికి పెట్టలేదవ్వా?" అని ఒకసారి అడిగితే, "ఇంటికి బోర్డు పెట్టుకుంటారా ఎవురన్నా?" అనింది. నిజమే, అది ఇల్లే. ముందర వసారాలో మేము తినేవాళ్ళం, నడిమిట్లో వంటిల్లు, ఎనకాల రూములో వాళ్ళు పండుకునేవాళ్ళు. అవ్వ అత్త కాలంలో మొదలైన హోటలంట. నేను పోయేటప్పటికే గోడలకు తాళింపు వాసన పట్టిపోయి, సున్నం కొట్టిన మర్నాడు కూడా ఆవాలు చిటపటలాడిన వాసనే వచ్చేది.

ఆడ ఇడ్లీలు, దోసెలు దొరకవు. మధ్యాన్నం ఒక్క పూటే. రాగి సంగటి, పప్పు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, ఏదో ఒక కూర, రొంత అన్నం, చారు, మజ్జిగ. ఏం కూర అనేది అవ్వ ఇష్టం. నచ్చనోళ్ళకు బస్టాండు కాడ పూరీలు ఉండనే ఉండాయి.

ఆ ఇంటికి ఎదురుగా నేను కాలిపోయిన మోటార్లకు వైండింగు కట్టేవాణ్ణి. నా చదువు ఏడో తరగతితో సరి. అయ్యవారు నన్ను బడి మాన్పించలేదు, నేనే దయతలిచి ఆయన్ని వదిలిపెట్టినాను. డెబ్బైల్లో బావికాడికి కరెంటు వస్తే వచ్చినట్లు, లేకుంటే లేదు. వచ్చినా ఓల్టేజి ఉండేది కాదు. సదుం పక్కనుంచి, పెద్దపంజాణి పక్కనుంచి రైతులు కాలిన మోటార్లను బస్సు టాపు మీద తెచ్చి, పెండ్లికూతుర్ని దించినంత పదిలంగా దించి, నా ముందర పెట్టి నా మొగం చూసేవాళ్ళు.

"బతుకుతాదా అప్పా?"

"బతికేదేముండాది, బూడిదైపోయుండాదే. పెదకర్మకు ఎప్పుడు పిలస్తాండావు?"

వాళ్ళ మొగాలు మాడిపోయేవి. అప్పుడు నవ్వి, ఎల్లుండి రాండి, తిప్పి చూపిస్తా అనేవాణ్ణి. నా నోరు అట్లాంటిది. ఒక మాట నేరుగా వచ్చేది కాదు. మా అమ్మ కూడా "వీడు అన్నం బాగలేదంటే ఇంకో గరిటె ఎయ్యల్ల" అనేది.

హోటల్లో మనుషులు ముగ్గురే. అవ్వ, ఆమె కొడుకు, కోడలు. అవ్వ మనిషి సన్నం, గొంతు లావు. వంటింట్లోంచి "ఆకెయ్!" అని అరిస్తే నా కొట్లో స్పానరు చేతిలోంచి జారేది. కొడుకు వడ్డించేవాడు. నేను బావా అని పిలిచేవాణ్ణి. ఆ ఇంట్లో ఉండే మాటలన్నీ తల్లే వాడేసుకునేది కాబట్టి ఆయనకు పెద్దగా మిగిలేవి కావు. కోడలు రుబ్బేది, తరిగేది, నీళ్ళు మోసేది, అంట్లు తోమేది. పొయ్యి మీది గిన్నెలో గంటె పెట్టి తిప్పే హక్కు మాత్రం ఆమెకు లేదు. అది అవ్వది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఆ ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడకూడదు. పొయ్యి కాడ నిలబడి నోట్లో ఏసుకుంటే అది ఎంగిలి. ఎంగిలి కూడు ఊరోళ్ళకు పెడితే పుణ్యం పోయేది అటుంచి, పోయిన తన అత్త పైనుంచి చూసి ఊరుకోదని అవ్వ భయం. అందుకని ఉప్పు అంతా పిడికిలి కొలతే. పప్పుకు ఇంత, చారుకు ఇంత. ఆ పైన ఆవిరి వాసన పట్టేది. గిన్నె మీదికి వంగి, కండ్లు మూసుకోని, ముక్కు ఎగబీల్చి, "ఇంగా రొంత పడల్ల" అని ఇంకో చిటికె వేసేది.

"ఉప్పుకు వాసన యాడుంటాదవ్వా?" అని నేనడిగినాను.

"నీ ముక్కుకు లేదు, నా ముక్కుకు ఉండాది. ముక్కులన్నీ ఒకటేనా?" అనింది.

ఇంత చేసినా, గిన్నె దించినాక ఎవురో ఒకరు తిని చెప్పాల గదా. ఆ పని మొదటి ఆకు మీద కూసున్నోడిది. వాడి ముందర ఇస్తరాకు పరిచి, సంగటి పెట్టి, పప్పు పోసి, అవ్వ వంటింటి గడప కాడ వచ్చి నిలబడేది. వాడు ఒక ముద్ద మింగి మాట చెప్పినాకనే రెండో ఆకు పడేది. ఆ నాలుగు నిమిషాలు వసారాలో ఎంత ఆకలిగొన్నోడైనా గోడకు ఆనుకోని నిలబడాల్సిందే.

నాకంటే ముందు ఆ మొదటి ఆకు ఒక పెద్దాయనది. టపా పంచి పంచి రిటైరైన మనిషి. కుప్పంలో కూతురింటికి పోతా పోతా నన్ను పిలిచి, ఏదో మిరాసీ రాసిచ్చినట్టు చెప్పినాడు. "రేపట్నుంచి నువ్వు కూసో. పదకొండున్నరకే ఆకలయ్యేవాడు ఈ వీధిలో నువ్వొక్కడివే. ఒక్క మాట, ఆమె కాడ నవ్వులాటలు ఆడొద్దు."

ఆడనని మాటిచ్చినాను. మర్నాడు మొదటి ముద్ద మింగినాను. పప్పు అమృతం. అవ్వ గడప కాడ నిలబడి నన్నే చూస్తాండాది.

"ఎట్లుండాది?"

"అవ్వా, దీన్ని పప్పు అంటారా? మా ఇంట్లో కుడితి ఇంతకంటే చిక్కంగా ఉంటాది. బర్రె కూడా మొగం తిప్పుకుంటాది."

వసారాలో నిలబడినోళ్ళు ఊపిరి బిగబట్టినారు. అవ్వ ఒక్క నిమిషం నన్ను ఎగాదిగా చూసింది. నేను మాటాడుతానే రెండో ముద్ద, మూడో ముద్ద లాగిస్తాండాను. "నోరు ఒక మాట చెప్తాది, చెయ్యి ఇంకో మాట చెప్తాది. నేను చేతినే నమ్ముతా," అని లోపలికి తిరిగి, "ఆకులెయ్!" అని అరిచింది.

అది మొదలు. దినానికొక తిట్టు. చారు కాల్వ నీళ్ళనేవాణ్ణి, ఊరిబిండి గోడకు పూసేదానికి పనికొస్తాదనేవాణ్ణి, సంగటి ముద్దను తీసుకుపోయి మోటారు కింద దిమ్మె కట్టిస్తాననేవాణ్ణి. "నీ నోట్లో మన్నుబడ" అనేది అవ్వ సంతోషంగా. నా తిట్టు వినేదానికే ముందుగా వచ్చి నిలబడేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

ఒక దినం మాత్రం పప్పులో ఉప్పు పడనే లేదు. ఆ పొద్దున అవ్వకు చెల్లెలు పోయిందని జాబు వచ్చింది. వచ్చినా పొయ్యి వెలిగించింది. ఆ మనిషిని ఎట్ల తిట్టేది? "బాగుందవ్వా" అన్నాను మర్యాదగా. అవ్వ మొగం తెల్లబోయింది. గబగబా లోపలికి పోయి గిన్నెలో ఉప్పేసుకోని వచ్చింది. "నువ్వు బాగుందంటే ఏదో మునిగిందని అర్థం," అనింది. ఆ పొద్దట్నుంచి మా ఇద్దరికీ కట్టుబాటు కుదిరిపోయింది. తిట్టితే బాగుండాది. పొగిడితే చెడిపోయింది. ఊర్లో ఎవురికీ అర్థం కాని ఈ తలకిందుల బేరంతో పదేండ్లకు పైగా హోటలు నడిచింది.

అవ్వకు గర్వం రొంత ఎక్కువ. కలకడ నుంచి వచ్చే ఒక ఎద్దుల బేరగాడు ఒకసారి ఆకు మీద కూసోని, అలవాటు కొద్దీ, "ఆకు కొసన రొంత ఉప్పు పెట్టమ్మా" అన్నాడు. అంతే. అవ్వ గంటెతోనే వసారాలోకి వచ్చింది.

"నా వంటలో ఉప్పు తక్కువయిందా?"

"కాదమ్మా, మామూలుగా..."

"విను. నేను ఏసిన ఉప్పు తప్పిన పొద్దు నేను గంటె ముట్టను. ఈ పొయ్యి మీద ఒట్టు."

బేరగాడు జీవితంలో మళ్ళ ఎవురినీ ఉప్పు అడిగుండడు. ఆ ఒట్టు మేమంతా విన్నాం. నవ్వుకున్నాం. అది నా మెడకే చుట్టుకుంటాదని ఆ పొద్దు తెలీదు.

ఎనభైల్లో ఒక వానాకాలం అవ్వకు జ్వరం తగులుకుంది. ఇరవై దినాలు మంచం దిగలేదు. ఆ ఇరవై దినాలూ కోడలు వండింది. నిజం చెప్తే బాగానే వండింది. నేను తిట్టితే మాత్రం ఆ యమ్మకు కండ్లలో నీళ్ళు తిరిగేవి. అందుకని ఆ ఇరవై దినాలు నోరు మూసుకోని తిన్నాను. నా ఒంటికి అది జ్వరం కంటే కష్టం.

ఇరవైఒకటో దినం అవ్వ లేచి పొయ్యి కాడికి వచ్చింది. మనిషి సగమైపోయింది, గొంతు మాత్రం అట్లే ఉండాది. "ఆకెయ్!" అనగానే నేను పరుగున పోయి కూసున్నాను. సంగటి పెట్టినారు. పప్పు పోసినారు. అవ్వ గడప పట్టుకోని నిలబడింది. పట్టుకోకపోతే పడిపోయేట్లుండాది.

నేను ముద్ద మింగినాను.

సముద్రం నేనెప్పుడూ చూడలేదు. ఆ పొద్దు తిన్నాను.

ఏం చెప్పేది? "బాగుందవ్వా" అంటే ఆమెకు తెలిసిపోతాది. తెలిస్తే ఒట్టు ఉండాది. ఆ మనిషి ఆడిన మాట తప్పదు. గంటె కింద పెడితే ఇంక ఆమె చేసేదేముండాది? మొగుడు పోయినప్పట్నుంచి ఆ పొయ్యే ఆమెకు మనిషి. ఇరవై దినాలు మంచంలో పండుకోని "ఎప్పుడు పోదునా పొయ్యి కాడికి" అని కలవరించిందని బావ చెప్పినాడు.

"ఏందవ్వా ఇది," అన్నాను, "జ్వరంలో పండుకోని వంట గూడా మరిసిపోతివా? మా కొట్లో వార్నీషు దీనికంటే రుచిగా ఉంటాది."

అవ్వ మొగం దీపం పెట్టినట్లయింది. "సూసినావా!" అని కొడుకుతో అనింది. "ఆకులెయ్!"

రెండో ఆకు మీద కూసున్న పెద్దపంజాణి రైతు ఒక ముద్ద తిని, నన్ను చూసి, మజ్జిగ అడిగినాడు. మళ్ళ అడిగినాడు. నాలుగు గ్లాసులు తాగి లేచిపోతా, "అప్పా, నువ్వు మోటార్లే రిపేరు చెయ్యి" అని నా చెవులో చెప్పిపోయినాడు.

జ్వరం అవ్వ ముక్కునూ నాలికనూ రెండింటినీ ఎత్తుకోని పోయింది. ఆవిరి పడతాది, ఉప్పు తెలీదు, ఇంకో పిడికిలి ఏస్తాది. మళ్ళ వంగి చూస్తాది, తెలీదు, ఇంకో చిటికె. కోడలికి మూడో దినానికే అర్థమైపోయింది. మొదటి ఆకు అయినాక, అవ్వ నా తిట్లు ఇనే సందులో గిన్నెలో చెంబెడు నీళ్ళు పోసేది, ఉడకబెట్టిన ఉర్లగడ్డలు వేసేది, చింతపండు పిసికేది. రెండో ఆకు నుంచి ఎట్లో బతుకుతాండారు. మొదటి ఆకుకు మాత్రం దిక్కు లేదు. అవ్వ కండ్ల ముందర, ఆమె వేసినట్లే, ఆ ఉప్పంతా నేనే తినాల. తిని తిట్టాల. ఇన్నాళ్ళూ నా తిట్లన్నీ నిజాలే. ఇప్పుడు మొదటిసారి తిట్టి అబద్ధం చెప్తాండాను.

నా కొట్లో కడవ నీళ్ళు మధ్యాన్నానికే అయిపోయేవి. రాగితీగ చుడతా చుట్లు లెక్కపెట్టేవాణ్ణి, నడిమిట్లో నీళ్ళకు లేచేవాణ్ణి, లెక్క తప్పేవాణ్ణి. సదుం రైతొకడి మోటారు మూడుసార్లు కట్టినాను. "ఏమప్పా, నీకూ వైండింగు పోయిందా?" అన్నాడు వాడు. తిట్టేవాణ్ణి నేను, ఇప్పుడు నన్నే తిడతాండారు. కోడలు ఎంత సరిచేసినా హోటలుకు జనం మెల్లగా తగ్గతాండారు. గోడకు ఆనుకోని నిలబడేవాళ్ళు లేరు. వచ్చినోళ్ళకు వచ్చినట్లే చోటు దొరకతాండాది. అవ్వ గడప కాడ నిలబడి వీధి చూసేది. "వానలు కదా, జనం పన్లకు పోయినారు," అని తనకు తానే చెప్పుకునేది.

ఒక పొద్దు కోడలు గ్లాసుతో మజ్జిగ తీసుకోని కొట్టు కాడికి వచ్చింది.

"అన్నా, నువ్వు నిజం చెప్పల్ల."

"నువ్వు చెప్పమ్మా, నీ అత్త గదా."

"నేను చెప్తే పొయ్యి పెరుక్కునేదానికి వచ్చినానంటాది. ఆయన చెప్తే పెండ్లాం మాట చెప్తాండాడంటాది. నువ్వయితే బయటోడివి."

"చెప్తే గంటె కింద పెడ్తాది. ఒట్టు మర్సిపోతివా?"

"మర్సిపోలేదన్నా. ఆమె గంటె కింద పెడ్తే ఆర్నెల్లు బతకదు. అదీ తెలుసు." ఆ యమ్మ పమిటకొంగు వేలికి చుట్టుకుంటా నిలబడింది. "అట్లని హోటలు మూసుకుందామా? ఈ ఇంట్లో ఎన్నేండ్లుగా పొయ్యి ఆరలేదు."

మజ్జిగ తాగేసి గ్లాసిచ్చినాను. రేపు చెప్తానన్నాను. రేపు వచ్చింది. అవ్వ గడప పట్టుకోని నిలబడింది. "ఈ పప్పు పోసి రోడ్డు గుంతలు పూడ్చొచ్చు" అన్నాను. కోడలు లోపల నుదురు కొట్టుకుండేది నాకు కనిపించింది. ఇట్ల రెండు నెలలు.

తీగ తెచ్చుకునేదానికి నేను నెలకొకసారి మదనపల్లెకు పోయేవాణ్ణి. ఆ నెల అవ్వ కూడా వస్తానని కూసుంది. సంగటి వండే గుండు గిన్నె అడుగు పల్చబడిందంట, కొత్తది కావాలంట. కొడుకును పంపితే చిల్లుల గుండు తెస్తాడంట. సరే అని బస్సెక్కించినాను.

మదనపల్లెలో ఏ వీధి చూసినా టమాటా బుట్టలే. వాటి నడిమిట్లో దారి చేసుకోని పాత్రల అంగడికి పోయినాం. అవ్వ ఒక్కొక్క గుండునూ ఎత్తి, మెటికలతో కొట్టి, చెవి పెట్టి ఇనింది. "ఇది దగ్గుతాండాది. దీనికి లోపల బాగలేదు. ఇది ఏడుస్తాండాది." అంగడాయన బిత్తరపోయినాడు. పన్నెండో గుండు ఆమెకు నచ్చింది. దాన్ని నన్ను ముట్టుకోనియ్యలేదు. కొత్తగా పుట్టిన మనవణ్ణి ఎత్తుకున్నట్లు తనే ఎత్తుకుంది.

అప్పటికి రెండయింది. పుంగనూరు బస్సు పోయింది, ఇంకోటి నాలుగ్గంటలకు. నాకు కడుపులో కాల్తాండాది. బస్టాండు ఎదురుగా పెద్ద హోటలొకటి, బల్లలు, స్టీలు తట్టలు.

"ఇంగొకరి హోటల్లో నేను తినేదా?" అనింది అవ్వ.

"నువ్వు తినొద్దులే, నేను తింటా, నువ్వు సూస్తా కూసో."

ఆ మాటకు లోపలికి వచ్చింది. గుండును ఒళ్ళో పెట్టుకోని బల్ల ముందర కూసుంది. పక్క బల్ల వాళ్ళు పిలకాయల మాదిరి తిరిగి తిరిగి చూస్తాండారు. సర్వరు తట్టలు పెట్టినాడు. అన్నం, సాంబారు, బీన్సు కూర, అప్పడం. అవ్వ తట్టను మూడుసార్లు తిప్పి చూసి, మొక్కుబడికి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు లేదు."

సర్వరు గిన్నెతో ఉప్పు తెచ్చి పెట్టినాడు. అవ్వ చిటికె వేసుకుంది. తినింది. ఇంకో చిటికె. మళ్ళ ఇంకోటి. సర్వరు కండ్లు ఉప్పు గిన్నె మీద నుంచి అవ్వ మీదికి, అవ్వ మీద నుంచి గిన్నె మీదికి పోతాండాయి.

"అమ్మా, అట్ల ఏస్తే రాత్రికి కడవెడు నీళ్ళు తాగల్ల."

"సాంబారు సేసినారంట సాంబారు! ఉప్పు ఏసేది మీకు ఎవురూ నేర్పలేదా? రా, మా పుంగనూరు రా, నేర్పిస్తా."

గల్లా కాడ కూసున్న యజమాని లేచి వచ్చినాడు. మంచి మనిషి, చేతులు కట్టుకోని నిలబడినాడు. "ఏమమ్మా, ఏమన్నా తక్కువయిందా?"

"మా వాడున్నాడు గదా, వాణ్ణే అడగు." అవ్వ నా పక్కకు తిరిగింది. "వీడి నాలిక మా ఊర్లో పేరుబడిన నాలిక. సెప్పరా! దీంట్లో ఉప్పుండాదా?"

యజమాని, సర్వరు, పక్క బల్ల వాళ్ళు, అందరూ నన్నే చూస్తాండారు. సాంబారు ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉండాది. తులం ఎక్కువ లేదు, తులం తక్కువ లేదు.

అప్పుడు తెలిసింది నా గతి. "ఛీ, ఇదొక సాంబారా" అంటే మా లెక్కలో బాగుందని. "బాగుంది" అంటే చెడిపోయిందని. నేనేమన్నా అవ్వ దాన్ని తిరగేసుకునే చూస్తాది. నిజాన్ని నిజంగా చెప్పేదానికి నా కాడ ఒక్క మాట లేదు. పదేండ్లకు పైగా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఉండాయి, వాటిల్లో ఒక్కటీ పనికి రాదు.

గుండు మీద ఉండే ఆమె చేతిని పట్టుకున్నాను. ఎప్పుడూ పట్టుకోలేదు.

"అవ్వా, ఎగతాళి కాదు. ఉప్పు సరిగ్గా ఉండాది."

ఆమె నా మొగంలోకి చూసింది. నోరు చూసింది, చెయ్యి చూసింది. నా చెయ్యి ముద్ద కలపడం లేదు.

"మనింట్లో?"

"ఎక్కువ."

"ఎప్పట్నుంచి?"

"జ్వరమప్పట్నుంచి."

"రొండు నెల్లు నువ్వు తింటివి గదరా."

"తింటిని."

"యాల?"

నీళ్ళ గ్లాసు ఆమె పక్కకు జరిపినాను. "ఎర్రి నా కొడకా," అనింది అవ్వ మెల్లగా. తర్వాత యజమాని పక్కకు తిరిగి, "నాయనా, నీ సాంబారు బాగుండాదంట. తప్పు నాది," అనింది. అన్నం పారేసేది పాపమని, ఉప్పు కుప్ప పోసుకున్న ఆ తట్టలో మెతుకు మిగలకుండా తినింది. తినేసి గుండు ఎత్తుకుంది. సర్వరు నోరు తెరుచుకోని అట్లే నిలబడిపోయినాడు.

బస్సులో అవ్వ కిటికీ పక్కన కూసుంది. నేను ఒకటి రెండు పరాచికాలు వేసి చూసినాను. రాతి మీద నీళ్ళు పోసినట్లయింది. పుంగనూరు ఇంకా రెండు మైళ్ళుందనంగా, ఉండి ఉండి అడిగింది.

"ఒట్టేసినాను గదా. తప్పిన పొద్దు గంటె ముట్టనని."

"ఒట్టు అంటే ఏదో కోపంలో..."

"నోరు మూసుకో. ఒట్టు ఒక్క పొద్దుకే. రేపు ముట్టను. మాట మాటే." కొంచేపు గుండు అంచును వేలితో రుద్దింది. "మరి ఎల్లుండి నుంచి ఉప్పు నేను ఎయ్యకపోతే? అది ఎయ్యనీ, మా కోడలు. నేను ఎయ్యని ఉప్పు ఎట్ల తప్పుతాది?"

నేను ఆమె పక్క చూసినాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తాండాది.

"అవ్వా, నువ్వు బడికి పోయుంటే ప్లీడరువి అయ్యేదానివి."

"పోకపోయినా అయినాను," అనింది.

మర్నాడు పదకొండున్నరకు నేను పోయేటప్పటికి వంటింట్లో కోడలుండాది. అవ్వ ఉప్పు జాడీని రెండు చేతులా పట్టుకోని ఆమె ముందర నిలబడుండాది. జాడీని కొంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది. కోడలికి ఏం చేయాలో తెలీక, దాన్ని తీసుకుపోయి ఎప్పుడూ ఉండే అటక మీదే పెట్టబోయింది.

"ఆడ కాదు. అది నా ఎత్తుకు కట్టించినది. నువ్వు పొట్టి. నీ చేతికందే కాడ పెట్టుకో."

కోడలు జాడీని రోలు పక్కన కింద పెట్టి, పెట్టిన చోటే రొంతసేపు వంగి ఉండిపోయింది. అవ్వ వసారాలోకి వచ్చింది. నా పక్కన, నేల మీద, కాళ్ళు మడుచుకోని కూసుంది. బావ చేతిలో ఇస్తరాకులు పట్టుకోని అమ్మను చూసి దారి తప్పినట్లు నిలబడినాడు. ఆమె ఎప్పుడూ బంతిలో కూసుంది లేదు. అందరూ తిని లేచినాక, పొయ్యి కాడే, గిన్నెలో ఏముంటే అది.

"ఏమి సూస్తాండావు? ఎయ్ ఆకు. వీడికి మొదట. తర్వాత నాకు."

సంగటి పెట్టినారు. పప్పు పోసినారు. కోడలు గడప కాడ వచ్చి నిలబడింది. నేను ముద్ద మింగి నోరు తెరిచినాను. తిట్టు నాలిక కొసకు వచ్చేసింది.

"అది నాకొద్దు," అనింది అవ్వ. తన ముద్ద నమలతా ఉండాది గానీ మొగంలో ఏమీ లేదు. మన్ను నమిలినా అంతే ఉంటాది. "నాకు తెలీదు గదరా. ఎట్లుండాదో అట్లే చెప్పు."

చెమట పట్టింది నాకు. పప్పు ఎట్లుంటాదో చెప్పమంటే ఎట్ల చెప్పేది? పప్పు మాదిరి ఉంటాది.

"ఉప్పు సరిపోయుండాది."

"అది సరేలే. ఇంగా?"

"పుల్లంగా ఉండాది."

"చింతపండు పులుపా, టమాటా పులుపా?"

కండ్లు మూసుకోని ఇంకో ముద్ద తిన్నాను. "మొదట టమాటా వస్తాది. అది పోయినాక ఎనక నుంచి చింతపండు వస్తాది."

"ఎల్లిగడ్డ?"

"ఉండాది. రొంత ఏగింది."

"రొంత అంటే ఎంత? ఎర్రంగానా, నల్లంగానా?"

గడప కాడ కోడలు ఊపిరి పీల్చుకుంటాండేది కూడా ఆపేసింది. నేను ఇంకోసారి నమిలి, ఆలోచించి చెప్పినాను. "నల్లంగా కాబోయి ఆగిపోయింది అవ్వా."

అవ్వ తల ఊపింది. "మంచిది. ఆగల్ల. మిరపకాయ?"

పొగిడే పని ఇంత కష్టమని నాకు తెలీదు. తిట్టు ఒక్క మాటతో అయిపోతాది. ఇది ఎంతకీ కాదు. నా సంగటి చల్లారిపోతాండాది. అప్పటికి వసారాలో పెద్దపంజాణి రైతులు ఇద్దరు, ఎవురో కోర్టు అమీనా, ఇంకొక ఇద్దరు కొత్తోళ్ళు వచ్చి గోడకు ఆనుకోని నిలబడినారు. బావ ఆకులు చేతిలో పట్టుకోని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారతాండాడు.

"అమ్మా, వాళ్ళకు ఆకులు ఎయ్యనా?"

అవ్వ తలెత్తి వాళ్ళందరినీ చూసింది.

"నిలబడండప్పా కాసేపు," అనింది. "నేనింకా పప్పు కాడే ఉండాను."